రోజుకో ఎక్స్‌రే

నా ఊపిరితిత్తులు చాలా అందమైనవి. ఈ మాట నేను సొంతంగా చెప్పుకుంటున్నది కాదు. ఏడాదిన్నర పాటు నాలుగు ఆస్పత్రుల్లో ఐదుగురు డాక్టర్లు చెప్పారు. ఒక్కొక్కరూ నా ఛాతీ ఎక్స్‌రేని వెలుతురుకెత్తి పట్టుకుని, కాకపోతే కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూసి, "లంగ్స్ చాలా క్లియర్‌గా ఉన్నాయి" అని మెచ్చుకున్నారు. నేను ఎదురుగా కూర్చుని ఈల వేస్తూ విన్నాను.

ఆ ఈల సరదాకి వేసింది కాదు. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులోంచి దానంతటదే వచ్చేది. అంతకు ముందు ఏడాది నాకు డెంగీ వచ్చి, దానికి న్యుమోనియా తోడై, పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాను. బతికి ఇంటికొచ్చాను. వచ్చిన రెండు నెలలకి మెట్లెక్కితే ఆయాసం, తర్వాత నడిస్తే ఆయాసం, ఆ తర్వాత మాట్లాడితే ఆయాసం. నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ విభాగం చూస్తాను. అంటే రోజంతా మాట్లాడటమే పని. ఫోన్ మీటింగులో ఎవరో ఒకరు "ఎవరింట్లోనో కుక్కర్ కూస్తోంది, దయచేసి మ్యూట్ చేసుకోండి" అనేవారు. ఆ కుక్కర్‌ని నేనే కనక మర్యాదగా మ్యూట్ చేసుకునేదాన్ని.

ఊపిరితిత్తులు బాగున్నాయి, ఆయాసం ఉంది, ఈల ఉంది. కాబట్టి ఆస్తమా అన్నారు. మూడు రంగుల్లో మూడు ఇన్హేలర్లు ఇచ్చారు. మా ఆయన వాటికి డైనింగ్ టేబుల్ మీద పచ్చళ్ల జాడీల పక్కన చోటిచ్చారు. ఆయన కూకట్‌పల్లిలో ఒక కాలేజీలో లెక్కల లెక్చరర్, గుంటూరు వైపు మనిషి. పరీక్ష అన్న మాట వింటే చాలు ఆయనకు నమ్మకం కలుగుతుంది, అది పిల్లలకు పెట్టేదైనా పెళ్లానికి చేయించేదైనా సరే. "ఎక్స్‌రే తీశారు కదా, ఏమీ లేదన్నారు కదా" అని నాకు ధైర్యం చెప్పేవారు. ఆ ధైర్యం నేను ఈలల మధ్యలోంచి వినేదాన్ని.

చివరికి ఆరో డాక్టరు దగ్గరికి వెళ్లాను. చెవి, ముక్కు, గొంతు చూసే పెద్దాయన. ఆయన నా ఎక్స్‌రేల కట్టని పక్కన పెట్టి, స్టెతస్కోపు ఛాతీ మీద కాకుండా మెడ మీద పెట్టాడు. పది సెకన్లు విన్నాడు. "ఎన్ని రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు?" అని అడిగాడు. ఏడాదిన్నరలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. వెంటిలేటర్ గొట్టం రాసుకున్న చోట గాలిగొట్టం లోపల పుండు పడి, అది మానుతూ మానుతూ ముడుచుకుపోయింది. స్కాన్ తీసి, కెమెరా వేసి చూస్తే వేలెడు వెడల్పుండాల్సిన దారి కూల్‌డ్రింక్ స్ట్రా అంత మిగిలింది. ఐదుగురు చూసిన ఎక్స్‌రేలూ ఛాతీవి. నా జబ్బు మెడలో ఉంది. ఛాతీ ఎక్స్‌రే అబద్ధమేమీ ఆడలేదు పాపం. తనని అడిగిన దానికి జవాబు చెప్పింది.

ఆపరేషన్ తప్ప దారి లేదన్నారు. ముడుచుకుపోయిన అంగుళం ముక్కని కోసేసి, రెండు కొసల్నీ దగ్గరికి లాగి కుట్టేయాలి. గచ్చిబౌలి దాటాక ఉన్న ఒక పెద్ద ఆస్పత్రిలో చేశారు. ఐదు గంటలు పట్టిందట. నాకు మెలకువ వచ్చేసరికి లోకమంతా నా మోకాళ్ల దగ్గర ఉంది.

తల ఎత్తబోయాను. రాలేదు. చెయ్యి పెట్టి చూసుకుంటే గడ్డం కింద రెండు లావుపాటి దారాలు. గడ్డాన్ని ఛాతీ చర్మానికి కలిపి కుట్టేశారు. తల వెనక్కి వాలిస్తే లోపలి అతుకు తెగుతుందని, వారం రోజుల పాటు తల వంచుకునే ఉండాలని ముందే చెప్పారుగానీ, చెప్పడం వేరు, కుట్టడం వేరు. మాట కూడా వారం పాటు బంద్. రాసుకోవడానికి పిల్లలు గీసుకునే పలక లాంటిది ఒకటి ఇచ్చారు. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు కోరుకున్న కోడలు, తల వంచుకుని నోరు మూసుకున్న కోడలు, పదహారేళ్ల తర్వాత ఆ మంచం మీద తయారైంది. ఆవిడ చూడటానికి వచ్చి "పాపం, ఎంత నెమ్మదిగా ఉందో" అన్నారు కూడా.

మర్నాడు పొద్దున ఆరింటికి ఎక్స్‌రే వచ్చింది. మనం వెళ్లే పని లేదు, అదే చక్రాల మీద గదిలోకి వస్తుంది. దాన్ని తోసుకొచ్చిన టెక్నీషియన్ నా వీపు వెనక చల్లటి పలక ఒకటి దూర్చి, మిషన్ సరిచేసుకుని, "గడ్డం పైకెత్తండమ్మా" అన్నాడు.

నేను కళ్లు మాత్రం పైకెత్తాను.

"కొంచెం గడ్డం పైకమ్మా. నీడ పడుతుంది."

పలక తీసుకుని 'కుట్లు వేశారు' అని రాశాను. నేను రాసేలోపు అతను గోడ చాటుకు వెళ్లి బటన్ నొక్కేశాడు. వచ్చి పలక చదివి, "ఓహో, అట్లనా" అని, పలక లాక్కుని వెళ్లిపోయాడు. రాసుకునేది కాదు, ఎక్స్‌రే పలక.

ఆ మొదటి రోజు ఎక్స్‌రేని నేను తప్పు పట్టను. మెడలో, ఛాతీ పైభాగంలో అంత పని చేశాక లోపల గాలి ఎక్కడైనా చేరిందా, ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకున్నాయా అని చూసుకోవాలి. కాని రెండో రోజు ఆరింటికి మళ్లీ వచ్చింది. ఈసారి వేరే టెక్నీషియన్. "గడ్డం పైకెత్తండి." మూడో రోజు ఇంకొకతను. "తల అంత వంచేస్తే ఎట్లమ్మా, భయపడకు, నొప్పుండదు." మూడో రోజుకి నాకు తెలివొచ్చి, 'గడ్డం కుట్టేశారు, ఎత్తలేను' అని పెద్దక్షరాలతో రాసి ముందే ఎత్తి పట్టుకున్నాను. అతను కళ్లజోడు తెచ్చుకోలేదట.

రిపోర్టు మాత్రం మధ్యాహ్నానికి ఠంచనుగా వచ్చేది. "గడ్డం నీడ వల్ల పై భాగం స్పష్టంగా లేదు. మిగతా అంతా నార్మల్." ఆపరేషన్ చేసింది ఆ పై భాగంలో. పెళ్లి ఫొటోలో పెళ్లికూతుర్ని వదిలేసి షామియానా ఒక్కటి బాగా వచ్చిందన్నట్టు ఉండేది ఆ రిపోర్టు. అయినా దాన్ని అందరూ తృప్తిగా చదివేవారు. రౌండ్స్‌కి వచ్చిన జూనియర్ డాక్టర్లు మంచం కాళ్ల దగ్గర నిలబడి "ఎక్స్‌రే నార్మల్" అని ఒకరికొకరు చెప్పుకుని పక్క గదికి పోయేవారు. నాకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. మా ఆఫీసులో కూడా తెల్లారేసరికి నాలుగు వందల పరీక్షలు వాటంతటవే నడిచి పచ్చగా వెలుగుతాయి. వాటిలో సగం ఎందుకు పెట్టామో పెట్టినవాళ్లకే గుర్తులేదు. పచ్చగా ఉంది కదా అని అందరం టీకి వెళ్లిపోతాం.

మా ఆయనకైతే అది రోజూ పండగే. ఫిల్ముని ఫోన్‌లో ఫొటో తీసి వాళ్ల బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. "ఈరోజు ఎక్స్‌రే నార్మల్ అండి." వెంటనే ముప్పై జతల చేతులు దండాలు పెట్టేవి. రెండో రోజు ఒంగోలు నుంచి కరెంటాఫీసులో రిటైరైన వాళ్ల బావగారు ఫోన్ చేశారు.

"ఏమయ్యా, ఎడమ వైపు తెల్లగా పెద్దది ఏదో కనపడుతోంది. డాక్టరు గారిని అడిగావా?"

మా ఆయన ముఖం పాలిపోయింది. పరుగెత్తుకెళ్లి సిస్టర్‌ని అడిగి వచ్చి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా చెప్పారు: "బావగారూ, అది గుండెండి."

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదు, అతుకు లాగుతుంది. కళ్లలోంచి నీళ్లు కారాయి. మా ఆయన నొప్పి అనుకుని నా చెయ్యి పట్టుకున్నారు.

నా గదికి ఒక ఆయా ఉండేది. యాభై దగ్గరపడిన మనిషి. వనపర్తి వైపు నుంచి వచ్చి నార్సింగిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నానని చెప్పింది. నార్సింగి నేను పుట్టి పెరిగిన ఊరు. ఏ సందులో అని అడగాలనిపించింది. పలక మీద రాసి చూపిస్తే ఆమె నవ్వి, "నాకు సదువు రాదమ్మా" అంది. ఆమెకు చదువు రాదు, నాకు మాట రాదు. అయినా ఆ మంచం దగ్గరికి వచ్చినవాళ్లలో నాతో ఎక్కువ మాట్లాడింది ఆమే. రోజూ మధ్యాహ్నం అన్నాల వేళ దాటాక గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి నా మెడ, భుజాలు తుడిచేది. దారాలకి తగలకుండా, చంటిపిల్లకి స్నానం చేయించినట్టు.

నాలుగో రోజు అలాగే తుడుస్తూ, కుడి వైపు కాలర్ ఎముక దగ్గర చెయ్యి ఆపింది. గుడ్డ పక్కన పెట్టి ఒట్టి వేళ్లతో నొక్కింది. మళ్లీ నొక్కింది.

"అమ్మా, గిక్కడ ఏమన్న అయితుందా?"

ఏమీ లేదని చెయ్యి ఊపాను. నిజానికి పొద్దుటి నుంచి మెడ కొంచెం బిగుసుకున్నట్టుంది. కుట్ల వల్లేమో అనుకున్నాను.

"తోలు కింద పేలాలు నలిగినట్టు చిటచిట అంటుంది," అంది ఆమె. "పోయినేడు ఆ సివరి రూముల పెద్దాయనకు గిట్లనే అయింది. సాయంత్రానికి ముఖమంత బుగ్గ లెక్క ఉబ్బింది. ఉండు, సిస్టరమ్మను పిలుస్త."

సిస్టర్ వచ్చింది. కాకినాడ అమ్మాయి, పాతికేళ్లుంటాయి. ఆయా చూపించిన చోట వేళ్లు పెట్టి నొక్కి చూసింది. "కంగారు పడకండి, డాక్టర్ గారిని పిలుస్తానండి" అని నాకు చెప్పి, తను మాత్రం కంగారుగా వెళ్లింది.

డ్యూటీ డాక్టర్ వచ్చాడు. కుర్రవాడు, కళ్ల కింద నల్లటి చారలు, చేతిలో టాబ్. మంచం కాళ్ల దగ్గర నిలబడి తెర మీద వేలితో తోస్తూ, "మార్నింగ్ ఎక్స్‌రే నార్మల్‌గానే ఉంది సిస్టర్" అన్నాడు.

"అది పొద్దుటిది సార్. ఇప్పుడు మెడ దగ్గర క్రాకిల్స్ వస్తున్నాయి," అంది సిస్టర్.

"రేపు మార్నింగ్ రొటీన్ ఎక్స్‌రే ఎలాగూ ఉంది కదా. అందులో చూద్దాం."

ఆయా మూల నిలబడి ఉంది. డాక్టర్లు ఉన్నప్పుడు ఆయాలు మాట్లాడకూడదని ఆ ఆస్పత్రిలో రాయని రూలు. ఆమె మాట్లాడింది.

"సారూ, జర ఒక్కసారి చెయ్యి పెట్టి చూడుండ్రి. ఆ ఫొటో పొద్దుగాల్ది. గిది ఇప్పటిది."

డాక్టర్ ఆమె వైపు చూశాడు. మళ్లీ టాబ్ వైపు చూశాడు. అప్పటిదాకా ఓపికగా తల వంచుకుని ఉన్న నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, రాసుకునే పలకతో మంచం కడ్డీ మీద టంగుమని కొట్టాను. అతను ఉలిక్కిపడి దగ్గరికి వచ్చాడు. మణికట్టు పట్టుకుని లాగి, అతని వేళ్లు తెచ్చి నా కాలర్ ఎముక మీద పెట్టి నొక్కాను.

చిటచిట. నాకు కూడా వినపడినట్టే అనిపించింది.

అతని ముఖం మారిపోయింది. తర్వాత జరిగిందంతా చాలా వేగంగా జరిగింది. అతను ఫోన్‌లో "సార్, సర్జికల్ ఎంఫిసీమా" అన్నాడు. చర్మం కిందికి గాలి చేరిందని దానర్థమట. పావుగంటలో నాకు ఆపరేషన్ చేసిన పెద్ద సర్జన్ వచ్చారు. వచ్చీ రాగానే టాబ్ అడగలేదు, మెడ నొక్కి చూశారు. ఒక చోట కాదు, చెవి కింద నుంచి ఛాతీ మీద దాకా. స్టెతస్కోపు అటూ ఇటూ పెట్టి విన్నారు. ఆ తర్వాత "ఇప్పుడు ఎక్స్‌రే తియ్యండి" అన్నారు.

మిషన్ వచ్చింది. టెక్నీషియన్ నోరు తెరిచి "గడ్డం..." అనబోయాడు. సర్జన్ అతని భుజం మీద చెయ్యి వేసి, "గడ్డం అక్కడే ఉంటుంది. నువ్వు మిషన్ వంచు. నాకు కుడి వైపు పై భాగం కావాలి" అన్నారు. నాలుగు రోజుల్లో మొదటిసారి మనిషిని వదిలేసి మిషన్ వంగింది.

ఆ ఎక్స్‌రేలో ఉంది. చర్మం కింద నల్లటి చారల్లా గాలి, కుడి ఊపిరితిత్తి చుట్టూ సన్నటి అంచులా ఇంకొంచెం గాలి. వెంటనే కెమెరా వేసి చూశారు. లోపలి అతుకులో ఒక కుట్టు దగ్గర సూదిమొన అంత సందు పడింది. ఊపిరి వదిలినప్పుడల్లా అక్కడినుంచి గాలి చర్మం కిందికి జారుతోంది. పొద్దుటి ఫొటోకి అది ఇంకా మొదలైనట్టు లేదు, మొదలైనా గడ్డం నీడలో దాక్కుంది. మెడ మీది బయటి కుట్లు రెండు విప్పి గాలి బయటికి పోయేలా చేశారు. ఆక్సిజన్ పెట్టారు. దగ్గు రాకుండా మందులు ఇచ్చారు. ఊపిరితిత్తి పక్కన చేరిన గాలి కొంచెమే కాబట్టి గొట్టం వేయకుండా కనిపెట్టి చూస్తామన్నారు. మర్నాటి దాకా ఎవరూ గమనించకుండా ఉంటే, లేదా నేను గట్టిగా దగ్గి ఉంటే ఏమయ్యేదని మా ఆయన అడిగారు. సర్జన్ మరోసారి నా కాలర్ ఎముక నొక్కి చూశారు. ఆ సాయంత్రం ఆయన గ్రూపులో ఏమీ పెట్టలేదు. నా మంచం పక్కన కుర్చీలో కూర్చుని, నా కాలర్ ఎముక మీద రెండు వేళ్లు ఆనించి, ఎంతసేపటికీ తియ్యలేదు.

మర్నాడు రౌండ్స్‌లో సర్జన్‌కి పలక చూపించాను. 'మరి రోజూ ఎక్స్‌రే ఎందుకు?'

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సర్జన్లు కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"నిజం చెప్పమంటారా? మా సార్ రాసేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నాను కాబట్టి నేను రాస్తున్నాను. నా దగ్గర నేర్చుకున్నారు కాబట్టి వీళ్లు రాస్తున్నారు." వెనక నిలబడ్డ జూనియర్లు నేల చూపులు చూశారు. "మొదటి రోజుది కావాలి. నిన్నటిది కూడా కావాల్సిందే, అది లేకపోతే ఊపిరితిత్తి పక్కన గాలి సంగతి నాకు తెలిసేది కాదు. కాని నిన్న మెడ తాకి చూశాక తీయించాం, ఏం వెతకాలో తెలిసి తీయించాం. మిగతావి మా మనశ్శాంతికి."

'మీ మనశ్శాంతికి నా వీపు చల్లబడింది' అని రాశాను. ఆయన గట్టిగా నవ్వి, నా ఫైలు తెప్పించుకుని, 'ప్రతిరోజూ' అన్న మాట కొట్టేసి 'అవసరమైతేనే' అని రాశారు. గాలి తగ్గిందో లేదో చూడటానికి రెండు రోజుల తర్వాత ఒకటి తీస్తామన్నారు. ఇంకెవరూ అడగకుండా సంతకం కూడా పెట్టారు.

నేను గెలిచాను. ఆ గెలుపు మర్నాడు పొద్దున ఆరింటి దాకా ఉంది. ఆరైంది. మిషన్ రాలేదు. ఆరుంపావు. కారిడార్‌లో చక్రాల చప్పుడు వినిపించి, నా గది దాటి పక్క గదిలోకి పోయింది. నాకు చెమటలు పట్టాయి. నాలుగు రోజులు దాన్ని తిట్టిపోసిన మనిషిని, సిస్టర్ రాగానే పలక ఎత్తి చూపించాను: 'నాకు కూడా తియ్యమనండి. ప్లీజ్.' సిస్టర్ ఫైలు చూసి, వద్దని రాశారండి అంది. 'పొరపాటున రాశారు' అని రాశాను. సిగ్గులేకుండా రాశాను. లోపల మళ్లీ సందు పడిందేమో, గుండె పక్కన గాలి చేరుతోందేమో, నాకెవరు చెప్తారు? మా ఆయన కూడా నా పక్షమే. "ఒక్కటి తీయించేద్దామండి, పోయేదేముంది?" అని సిస్టర్‌ని బతిమాలారు. ఆ బ్రహ్మాండమైన మనశ్శాంతి సర్జన్‌కి మాత్రమే కాదు, మాకూ అలవాటైపోయింది.

ఎనిమిదింటికి సర్జన్ వచ్చి, నా వేళ్లు పట్టుకుని నా మెడ మీదే పెట్టించారు. "నొక్కండి. చప్పుడుందా? లేదు. నిన్నటికంటే వాపు తగ్గిందా? తగ్గింది. ఆయాసం? లేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఇలా చూసుకోండి. తేడా ఉంటే బెల్ కొట్టండి. అప్పుడు నేను పరుగెత్తుకొస్తాను, ఎక్స్‌రే కూడా పరుగెత్తుకొస్తుంది." అప్పటినుంచి నేను రోజుకి మూడుసార్లు కాదు, ముప్పైసార్లు నొక్కుకున్నాను. చర్మం కందిపోయి సిస్టర్ చేత తిట్లు తిన్నాను.

వారం రోజుల కుట్టు పదకొండు రోజులకి పెరిగింది. ఆ మిగిలిన రోజుల్లో ఆయా కథ కొంచెం కొంచెంగా తెలిసింది. తనే చెప్పుకుపోయేది, నేను తల వంచుకుని వినేదాన్ని. ఆమె భర్త కోకాపేటలో కడుతున్న ఒక టవర్‌లో ఇరవయ్యో అంతస్తు మీద సెంట్రింగ్ పని చేస్తాడట. కూతురు పెళ్లయి షాద్‌నగర్‌లో ఉంటుందట. ఒక రోజు దిండు గలీబు మారుస్తూ యథాలాపంగా అంది.

"నీకు దగ్గొద్దని గిన్ని మందులిస్తున్రు. మా ఇంటాయనకు రెండు నెలల సంది ఒకటే దగ్గు. ఏ మందుకు ఆగుతలేదు."

నేను కళ్లు ఎత్తాను.

"సిమెంటు దుమ్ము గద అంటడు. మెడికల్ షాపోడు సీసాలిస్తుండు, తాగుతుండు. పొద్దుమీకితే ఒళ్లు ఎచ్చవడుతది. మనిషి కూడ సన్నవడ్డడు. పనిల పడి తింటలేడు."

నేను నా ఛాతీ మీద చెయ్యి వేసుకుని, కారిడార్‌లో నిలబెట్టిన ఎక్స్‌రే మిషన్ వైపు వేలు చూపించి, 'అతనికి' అన్నట్టు తలుపు వైపు చూపించాను. ఆమెకి అర్థమైంది. నవ్వింది.

"మా ఆయనకా? నీ లెక్క రోజు తీపియ్యాల్నా?"

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో తెలియదు. నాకు మాత్రం గుచ్చుకుంది. ఈ కొన్ని రోజుల్లో నా ఛాతీకి తీసినన్ని ఫొటోలు నా పెళ్లిలో కూడా తీయలేదు. కోకాపేటలో ఇరవయ్యో అంతస్తు మీద రెండు నెలలుగా దగ్గుతున్న మనిషికి ఒక్కటి కూడా తీయలేదు. పలక మీద రాసి, మా ఆయన రాగానే ఆమెకి చదివి వినిపించమని సైగ చేశాను.

"రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, చిక్కిపోవడం. ఇది దుమ్ము కాకపోవచ్చు. సర్కారు దవాఖానకి తీసుకెళ్లు. కళ్లె పరీక్ష, ఎక్స్‌రే చేయించు. రేపే."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "రేపెట్ల అమ్మా? ఒక్క దినం పోకపోతే మేస్త్రీ ఇంకొకల్ని పెట్టుకుంటడు. నాకు డ్యూటీ ఉంది. ఆడ లైన్ల నిలవడాలె."

నేను ఏదో రాయబోయేలోపు మా ఆయన లేచారు. పరీక్షల మీద ఆయనకున్న భక్తి మొత్తానికి సరైన గుడి దొరికింది. "మీరు అడ్రస్ చెప్పండి. నేను తీసుకెళ్తానండి. మేస్త్రీతో కూడా నేనే మాట్లాడతాను," అన్నారు. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి, కోకాపేట వెళ్లి, మేస్త్రీకి పావుగంట లెక్చర్ ఇచ్చి, ఆమె భర్తని స్కూటర్ వెనక ఎక్కించుకుని సర్కారు దవాఖానకి తీసుకెళ్లారు. మధ్యాహ్నం మూడింటికి నాకు ఫోన్‌లో ఫొటో పంపించారు. ఇన్ని రోజుల ఎక్స్‌రే చదువు పుణ్యమా అని నాకే తెలిసిపోయింది. కుడి ఊపిరితిత్తి పైన మబ్బులా మచ్చ, మధ్యలో చిన్న గుంట. రెండు రోజుల తర్వాత కళ్లె పరీక్ష కూడా అదే చెప్పింది. టీబీ.

చెప్పినప్పుడు ఆమె కింద కూర్చుండిపోయింది. "ఇగ పని పాయె. పక్క రూమోల్లు ఎల్లగొడ్తరు," అంది ముందు. కాసేపటికి, "సస్తడా అమ్మా?" అంది. మా ఆయన దవాఖానలో తనకి చెప్పిందంతా ఆమెకి చెప్పారు: మందులు అక్కడే ఉచితంగా ఇస్తారు, ఆరు నెలలు ఒక్క పూట కూడా మానకుండా మింగాలి, మింగితే తగ్గిపోతుంది, మొదట్లో కొన్ని వారాలు ముఖానికి గుడ్డ కట్టుకుని గాలి తగిలే చోట పడుకోవాలి, ఆమెకి కూడా పరీక్ష చేయాలి. ఆమె రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత లేచి, ఏమీ జరగనట్టు నీళ్లు వెచ్చబెట్టుకొచ్చి నా మెడ తుడిచింది. నేను ఆమె చేతిని పట్టుకున్నాను.

దారాలు కోసిన రోజు తల ఎత్తాను. మెడ నాది కాదన్నట్టు ఉంది. పదకొండు రోజుల తర్వాత సీలింగ్ చూస్తే దాని మీద ఒక బల్లి ఉంది. అంత పెద్ద ఆస్పత్రిలో బల్లి ఉన్న సంగతి ఏ రిపోర్టులోనూ రాయలేదు. మాట్లాడొచ్చన్నారు. గొంతు గరగరలాడుతూ వచ్చింది. ఈల మాత్రం లేదు. నేను మొదట అడిగింది ఆయానే. "అక్కా, నార్సింగిలో ఏ సందు?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓ యమ్మ, గొంతు గిట్ల ఉంటదా నీది! నేను మస్తు సన్నగుంటది అనుకున్న."

మూడు నెలల తర్వాత చూపించుకోవడానికి వెళ్లాను. కౌంటర్ దగ్గర అమ్మాయి కంప్యూటర్ చూస్తూ, "మేడమ్, డాక్టర్‌ని కలిసే ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని రావాలి" అంది.

"ఎవరు రాశారు?" అన్నాను.

"ఎవరూ రాయలేదు మేడమ్. ఈ విభాగం పేషెంట్లకి ఆటోమేటిగ్గా వస్తుంది. రొటీన్."

"నాకు ఆయాసం లేదు, దగ్గు లేదు, మెడలో చప్పుడు లేదు. డాక్టర్‌గారు చూసి కావాలంటే తీయించుకుంటాను."

"సిస్టమ్ ఒప్పుకోదు మేడమ్."

వెనకాల క్యూలో ఇరవై మంది ఉన్నారు. వాళ్లలో ఎవరికి ఎందుకు తీస్తున్నారో ఎవరూ అడగడం లేదు. అవతల సర్జన్ గది తలుపు తెరిచి ఉంటే నేరుగా వెళ్లి చెప్పాను. ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "నేను కొట్టేశాను. వాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ పెట్టారు" అన్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్ల తరఫున నేను సిగ్గుపడ్డాను. ఆయన నా మెడ తాకి, విని, గట్టిగా ఊపిరి పీల్చమని చెప్పి, ఎక్స్‌రే లేకుండానే పంపించారు. ఆ రోజు క్యూలో మిగతా ఇరవై మందికీ తీశారనుకుంటాను.

ఆయా భర్త ఆరు నెలల మందులు పూర్తి చేశాడు. మధ్యలో రెండుసార్లు మానేస్తానన్నాడట, వాంతులని. మా ఆయన పొద్దున్నే ఫోన్ చేసి మాత్రలు మింగారా అని అడిగేవారు. లెక్కల మాస్టారు హోంవర్క్ అడిగినట్టు అడగడం వల్ల భయపడి మింగేవాడని ఆమె నవ్వింది. మందులు అయిపోయిన వారం భార్యాభర్తలిద్దరూ కూకట్‌పల్లిలో మా ఇంటికి వచ్చారు. నేను ఆయన్ని చూడటం అదే మొదలు. పొడుగాటి మనిషి, చొక్కా భుజాల దగ్గర నిండుగా ఉంది. కుర్చీలో కూర్చోమంటే అంచు మీద కూర్చున్నాడు.

"ఎట్లుంది అన్నా?" అన్నాను.

"మంచిగున్న. మల్ల పని మొదలువెట్టిన."

"ఇరవయ్యో అంతస్తా?"

"ఇప్పుడు ముప్పయ్యైదు అయింది," అన్నాడు, కొంచెం గర్వంగా.

ఆమె వెంటనే అందుకుంది. "ముప్పయ్యైదు లేదు ఏం లేదు. దవాఖాన సారు చెప్పిండు గద, ఒక నెల దాక కింద పనే చెయ్యమని. మేస్త్రీకి నేనే చెప్పిన. కింద రాడ్లు వంచుతుండు."

మా ఆయన లోపల్నుంచి టీ తెచ్చారు. నలుగురం తాగాం.